రోబో పెట్టాలా, కోబాట్ పెట్టాలా, ఎస్‌పీఎం (స్పెషల్ పర్పస్ మెషీన్) చేయించాలా, లేక ఉన్న మనిషినే ఉంచాలా?

ఆటోమేషన్ అనుకోగానే చాలామంది నోట వచ్చే మొదటి ప్రశ్న "ఏ కంపెనీ రోబో మంచిది?" అని. పసుపు రంగు ఫానుక్‌దా, నారింజ రంగు కూకాదా, ఏబీబీనా, యస్కావానా, లేదంటే కంచె అక్కర్లేకుండా మనిషి పక్కనే పనిచేస్తుందని చెప్పే కోబాటా? ఈ ప్రశ్న ఆఖర్న రావాలి. పేరున్న కంపెనీల రోబోలన్నీ దాదాపు బాగానే ఉంటాయి, ఏళ్ల తరబడి పనిచేస్తాయి. లైన్ ఆగిపోయిన చోటికి వెళ్లి చూస్తే చాలాసార్లు తప్పు రోబోది అయ్యుండదు. ట్రేలో పార్ట్ వంకరగా పడుకుని ఉంటుంది, సెన్సర్ మీద నూనె పేరుకుని ఉంటుంది, సక్షన్ కప్పు అంచు అరిగి గాలి లీకవుతూ ఉంటుంది, లేదా సప్లయర్ పంపిన కాస్టింగ్ మీద ఒక మిల్లీమీటరు మెటల్ ఎక్కువ ఉండి, పార్ట్‌ని పట్టుకునే గ్రిప్పర్‌కి అందక రోబో అలా చెయ్యి చాపుకుని నిలబడిపోయి ఉంటుంది.

అందుకని ఎంపిక మొత్తాన్ని రెండు ప్రశ్నల మీద నడపమంటాను. మీ పార్ట్ ఎంత తరచుగా మారుతుంది? అది మెషీన్ దగ్గరికి ప్రతిసారీ ఒకే తీరున వస్తుందా, ఇష్టమొచ్చినట్టు వస్తుందా? ఈ రెండిటికీ నిజాయితీగా జవాబు రాసుకుంటే ఏ రకం యంత్రం కావాలో ముప్పాతిక వంతు తేలిపోయినట్టే. బరువు, వేగం, రీచ్ లాంటివన్నీ కేటలాగ్‌లో దొరుకుతాయి. ఈ రెండూ మాత్రం మీ షాప్ ఫ్లోర్ మీదే దొరుకుతాయి.

ముందు ఆపరేటర్ చేతులు చూడండి

సీఎన్‌సీ లేత్, అంటే కంప్యూటర్ నడిపే లేత్ దగ్గర లోడింగ్ పని తీసుకుందాం. ఎక్కువమంది మొదట రోబోకి అప్పగించాలనుకునేది ఈ పనే. కాగితం మీద ఇది నాలుగు మాటల పని: తలుపు తెరువు, అయిపోయిన పార్ట్ తియ్యి, కొత్తది పెట్టు, తలుపు మూసెయ్యి. కానీ మెషీన్ పక్కన ఒక గంట నిలబడి చూడండి. ఆపరేటర్ పార్ట్ బయటికి తీయగానే ఎయిర్ గన్‌తో, పార్ట్‌ని బిగించి పట్టుకునే చక్ జాల మీద ఒకసారి ఊదుతాడు. కొత్త పార్ట్ ఆనే ముఖాన్ని బొటనవేలితో తుడుస్తాడు, అక్కడ చిన్న రజను అంటుకుని ఉందేమో వేలికి తెలుస్తుంది. పార్ట్‌ని చక్‌లో పెట్టి కొద్దిగా తిప్పుతూ వెనక్కి నొక్కుతాడు, అది పూర్తిగా ఆనిందో లేదో మణికట్టుకి తెలిసిపోతుంది. ఆ తర్వాతే పెడల్ తొక్కుతాడు. పొడవాటి చిప్ టూల్‌కి చుట్టుకుపోతే కొక్కెంతో లాగేస్తాడు. ఇవన్నీ చేస్తున్నట్టు అతనికే తెలియదు, మీరు అడిగితే "లోడ్ చేస్తున్నా సార్" అంటాడు, అంతే.

రోబోకి ఇవేవీ రావు, ఒక్కొక్కటీ విడిగా చెప్పి కొనిపెట్టాలి. ఊదడానికి ఎయిర్ నాజిల్, పార్ట్ ఆనిందో లేదో చెప్పడానికి చక్ ముఖం దగ్గర గాలి ప్రెషర్ చూసే సీట్-చెక్ సెన్సర్, నొక్కడానికి గ్రిప్పర్ వెనక స్ప్రింగ్, చిప్ చుట్టుకోకుండా ఉండటానికి ఇన్సర్ట్ మార్పు, కూలెంట్ ప్రెషర్ పెంపు. కొటేషన్‌లో ఒక్క రోబో చెయ్యి ధర చూసి లెక్కలు వేసుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మొత్తం సెల్, అంటే రోబో, దాని చుట్టూ ఉండే సరంజామా అంతా కలిపిన ఖర్చులో ఆ చెయ్యి వాటా తరచుగా సగం కూడా ఉండదు. మిగతాదంతా గ్రిప్పర్, ఫీడింగ్, కంచె, సెన్సర్లు, ప్రోగ్రామింగ్, ట్రయల్స్. కాబట్టి ఆపరేటర్ చేసే పనులన్నీ, వేలితో తుడవడంతో సహా, ఒక కాగితం మీద రాసి, సెల్ కట్టి ఇచ్చే ఇంటిగ్రేటర్ ముందు పెట్టండి. ఆ కాగితం చదివి ప్రశ్నలు అడిగేవాడు మంచి ఇంటిగ్రేటర్. చదవకుండానే "అన్నీ అయిపోతాయి" అనేవాడి దగ్గర జాగ్రత్త.

మనిషి, ఒక ఫిక్స్చర్: దీన్ని తక్కువగా చూడకండి

పోలికలో ఎప్పుడూ మర్చిపోయే ఆప్షన్ ఇది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అన్నట్టు, చాలా పనులకు పార్ట్‌ని సరైన చోట కదలకుండా పట్టి ఉంచే ఒక మంచి ఫిక్స్చర్, పార్ట్ దానంతటదే జారిపోయే చ్యూట్, తప్పుగా పెడితే అసలు కూర్చోనివ్వని పోకా యోకె పిన్ను సరిపోతాయి. ఇందులో ఒక కిటుకు కూడా ఉంది. పార్ట్ పెట్టడం కష్టం, తీయడం తేలిక. పెట్టేటప్పుడు దిశ, ఆనిక, శుభ్రం అన్నీ చూడాలి. తీసేటప్పుడు బయట పడితే చాలు. అందుకే తీసే పని మాత్రం మెషీన్‌కే ఇచ్చి, అంటే పని అవ్వగానే పార్ట్‌ని బయటికి తోసేసే చిన్న సిలిండర్ పెట్టి, పెట్టే పని మనిషికి ఉంచితే, ఒకే ఆపరేటర్ నాలుగైదు మెషీన్ల మధ్య ఒట్టి చేతులతో నడుచుకుంటూ లోడ్ చేసుకుంటూ పోగలడు. టొయోటా లైన్లలో ఈ పద్ధతి బాగా వాడతారు.

టొయోటా వాళ్ల ఆలోచన అసలు మొదలైందే ఒక మగ్గం దగ్గర. టొయోటా గ్రూపుకి పునాది వేసిన సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన ఆటోమేటిక్ మగ్గం దారం తెగితే దానంతటదే ఆగిపోయేది. దాంతో ఒక మనిషి ఒకే మగ్గాన్ని కనిపెట్టుకుని కూర్చోనక్కర్లేకుండా పోయింది, చాలా మగ్గాలు చూసుకోగలిగాడు. మెషీన్ తనంతట తాను నడవడం కన్నా తప్పు జరిగితే తనంతట తాను ఆగడం చౌకలో వచ్చే లాభం, ముందు అది తెచ్చుకోండి.

రోజుకో రకం పార్ట్ వచ్చే జాబ్ షాపుకి, ఇరవై ముప్పై పీసుల బ్యాచ్‌లు నడిపేవాళ్లకి నా సలహా ఇదే: ఫిక్స్చర్ దగ్గర ఆగండి. ఒక పీసు 200 సెకన్లు తీసుకుంటే ఇరవై పీసులు 67 నిమిషాల్లో అయిపోతాయి. దానికోసం గ్రిప్పర్ వేళ్లు మార్చి, ట్రే మార్చి, ప్రోగ్రామ్ పిలిచి, మొదటి రెండు పీసులు మెల్లగా నడిపి చూసి నలభై నిమిషాలు పోగొట్టుకుంటే మిగిలేదేమిటి? అదే బ్యాచ్ రెండు వేల పీసులైతే ఆ నలభై నిమిషాలు లెక్కలోకే రావు.

ఎస్‌పీఎం: ఒకే పని, ఏళ్ల తరబడి

దీనికి పూర్తిగా రెండో కొస ఎస్‌పీఎం, అంటే ఆ ఒక్క పార్ట్ కోసమే కట్టిన స్పెషల్ పర్పస్ మెషీన్. మధ్యలో తిరిగే ఇండెక్సింగ్ టేబుల్, చుట్టూ స్టేషన్లు, ఒక చోట నొక్కడం, ఒక చోట డ్రిల్, ఒక చోట చెక్, ఆఖర్న మంచివి ఒక బిన్‌లోకి, చెడ్డవి ఇంకో బిన్‌లోకి. సీసాల మూతలు, బేరింగులు, ఎలక్ట్రికల్ స్విచ్‌లు, సిరంజీలు లాంటివి లక్షల్లో తయారయ్యేది ఇలాంటి వాటి మీదే. స్పీడులో ఆరు జాయింట్ల రోబో దీని దరిదాపుల్లోకి రాదు, ఎందుకంటే ఇక్కడ అన్ని స్టేషన్లూ ఒకేసారి పనిచేస్తాయి, రోబో మాత్రం ఒక పని అయ్యాకే ఇంకొకటి చేస్తుంది.

చిక్కల్లా డిజైన్ మారినప్పుడే. డ్రాయింగ్‌లో ఒక రంధ్రం పక్కకి జరిగితే స్టేషన్ మార్చాలి, పార్ట్ మొత్తం మారితే మెషీన్ స్క్రాప్. కాబట్టి డిజైన్ మూడు నాలుగేళ్లైనా మారదని కస్టమర్ దగ్గర కాగితం మీద హామీ ఉంటేనే దీని జోలికి వెళ్లండి. "మారకపోవచ్చు" అన్న నోటిమాట చాలదు.

కంచె లోపలి రోబో

ఎస్‌పీఎంకీ మనిషికీ మధ్య జాగాలో మామూలు ఇండస్ట్రియల్ రోబో నిలబడుతుంది. మొట్టమొదటి ఇండస్ట్రియల్ రోబో యూనిమేట్ 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో జనరల్ మోటార్స్ ప్లాంట్‌లో పనికి దిగింది. దాని పని డై కాస్టింగ్ మెషీన్ నుంచి వేడి వేడి ముక్కలు తీయడం. అరవై ఏళ్లు దాటినా ఈ రకం రోబోకి బాగా నప్పేవి అలాంటి పనులే: వేడి, బరువు, పొగ, దుమ్ము, ఒకే కదలిక వేలసార్లు. స్పాట్ వెల్డింగ్, పెయింటింగ్, ఫౌండ్రీ, ఫోర్జింగ్, ప్యాలెట్ మీద బస్తాలు, పెట్టెలు పేర్చడం, ఇవన్నీ మనిషి నడుముని, ఊపిరితిత్తుల్ని తినేసే పనులు. ఇలాంటి చోట పెట్టుబడి ఎన్నాళ్లకి తిరిగొస్తుందన్న లెక్క ఒక్కటే చూడకూడదని నా అభిప్రాయం. ఏటా ఎంతమంది ఆ స్టేషన్ వదిలేసి వెళ్లిపోతున్నారో కూడా చూడండి.

చిన్నవి కొన్ని కిలోల బరువు ఎత్తుతాయి, పెద్దవాటిలో ఫానుక్ ఎం-2000ఐఏ రకం 2,300 కిలోల దాకా ఎత్తుతుంది. వేగం బాగుంటుంది, ధర ఎత్తే బరువుతో పోలిస్తే కోబాట్ కంటే చాలాసార్లు నయమే. కానీ కంచె, తెరిస్తే రోబోని ఆపేసే ఇంటర్‌లాక్ తలుపు, మనిషి అడ్డం వస్తే ఆపేసే లైట్ కర్టెన్ తప్పవు, వాటికి జాగా కావాలి. ఈ ఖర్చులో కక్కుర్తి పడకండి. 1979 జనవరి 25న మిషిగన్‌లోని ఫోర్డ్ కాస్టింగ్ ప్లాంట్‌లో సామాన్లు అందించే రోబో చెయ్యి తగిలి ఒక కార్మికుడు చనిపోయాడు, రోబో వల్ల మనిషి చనిపోయిన మొదటి ఘటనగా దాన్నే చెబుతారు. ర్యాక్‌లోంచి పార్టులు తీయడానికి ఆయన పైకి ఎక్కినప్పుడు వెనక నుంచి చెయ్యి వచ్చి తగిలింది. ఇప్పటికీ ప్రమాదాలు ఎక్కువగా జరిగేది రోబో మామూలుగా నడుస్తున్నప్పుడు కాదు, జామ్ అయిందని, ఏదో ఇరుక్కుందని మనిషి లోపలికి దూరినప్పుడే. సెల్ ఎంత తక్కువసార్లు జామ్ అయితే అంత సేఫ్, అంటే ఫీడింగ్ బాగుండటం కూడా సేఫ్టీలో భాగమే.

కోబాట్: చెప్పినంతా నిజం కాదు, అబద్ధమూ కాదు

డెన్మార్క్‌లో 2005లో పుట్టిన యూనివర్సల్ రోబోట్స్ 2008లో తన మొదటి కోబాట్ అమ్మింది. ఇప్పుడు దాదాపు ప్రతి రోబో కంపెనీకీ ఒక కోబాట్ ఉంది. దీని గొప్పతనం రెండు విషయాల్లో ఉంది. చేత్తో పట్టుకుని లాగి పాయింట్లు నేర్పొచ్చు, ఏదైనా తగిలితే ఆగిపోతుంది. ప్రోగ్రామింగ్ తేలిక అన్నది మాత్రం నిజంగా నిజం, లేత్ నడిపే కుర్రాడే కొన్ని రోజుల ట్రైనింగ్‌తో కొత్త పార్ట్ సెట్ చేసుకోగలడు, ప్రతిదానికీ బయటివాళ్లని పిలవక్కర్లేదు.

ఇక అమ్మేవాళ్లు నెమ్మదిగా చెప్పే సంగతులు. మొదటిది, సేఫ్టీ. రోబోల సేఫ్టీకి ఐఎస్ఓ 10218 అనే స్టాండర్డ్ ఉంది, మనిషి శరీరంలో ఏ భాగానికి ఎంత ఒత్తిడి తగలొచ్చో చెప్పే ఐఎస్ఓ టీఎస్ 15066 అనేది 2016లో వచ్చింది, 2025లో వచ్చిన కొత్త 10218లో దాన్ని కలిపేశారు. వీటి సారం ఒక్కటే: సేఫ్ అవ్వాల్సింది రోబో కాదు, ఆ పని మొత్తం. కోబాట్ చేతిలో పదునైన రేకు ముక్క పెడితే, దాని కొసకి పార్ట్ అంచుల్లోని గరుకు గీకే డీబరింగ్ టూల్ బిగిస్తే, అది ఎంత మెత్తగా ఆగినా తెగేది తెగుతుంది. అప్పుడు దానికీ కంచో, మనిషి దగ్గరికి వస్తే వేగం తగ్గించే లేజర్ స్కానరో పెట్టాలి. కంచె పెట్టాల్సి వచ్చాక కోబాట్ ఎందుకు, మామూలు రోబోనే తీసుకోవచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. ప్రోగ్రామింగ్ తేలికని తీసుకున్నా తప్పులేదు, కాకపోతే ఆ కారణం తెలిసి తీసుకోండి.

రెండోది, బరువు లెక్క. పది కిలోల కోబాట్ అంటే పది కిలోల పార్ట్ ఎత్తుతుందని కాదు. రెండు వైపులా పట్టే డబుల్ గ్రిప్పర్ మూడు కిలోలు, బిగించే ప్లేటు, పైపులు కలిపి అర కిలో, ఒక చేతిలో అయిపోయిన పార్ట్, ఇంకో చేతిలో కొత్తది, ఒక్కోటి మూడు కిలోలు. తొమ్మిదిన్నర అయిపోయింది. పైగా ఆ బరువు మణికట్టు నుంచి ఎంత దూరంగా వేలాడితే అంత తక్కువ ఎత్తుతుంది, ఆ గ్రాఫ్ మాన్యువల్‌లో ఉంటుంది, తప్పకుండా చూడండి.

మూడోది, వేగం. ఇది అన్నింటికన్నా ముఖ్యం, అందుకే లెక్కతో చెబుతాను. ఒక లేత్‌లో మెషీనింగ్ 180 సెకన్లు, మనిషి పార్ట్ మార్చడానికి 30 సెకన్లు అనుకోండి, మొత్తం 210. ఎనిమిది గంటల షిఫ్ట్‌లో విరామాలు, అటూ ఇటూ తిరగడం కలిపి ఒక గంట తీసేస్తే 25,200 సెకన్లు మిగులుతాయి, 120 పీసులు వస్తాయి. కోబాట్ ఒకే గ్రిప్పర్‌తో మెల్లగా 45 సెకన్లలో మారుస్తుంది, మొత్తం 225, కానీ షిఫ్ట్ అంతా, అంటే 28,800 సెకన్లూ నిలబడుతుంది కాబట్టి 128 పీసులు. డబుల్ గ్రిప్పర్ పెట్టి మార్చే టైమ్‌ని 20 సెకన్లకి దించితే 144. మెల్లగా కదిలే చెయ్యే గెలిచింది.

ఇప్పుడు అదే కోబాట్‌ని ప్రెస్ దగ్గర పెట్టండి. ప్రెస్ పని 10 సెకన్లు, మనిషి మార్చేది 4 సెకన్లలో. 14 సెకన్లకి ఒకటి, విరామాలు పోను 1,800 పీసులు. కోబాట్ 12 సెకన్లు తీసుకుంటే 22 సెకన్లకి ఒకటి, షిఫ్ట్ మొత్తం ఆగకుండా నడిచినా 1,309 దాటదు. కంచె లోపల వేగంగా తిరిగే రోబో 5 సెకన్లలో మారిస్తే 1,920 వస్తాయి. కాబట్టి మెషీన్ సైకిల్ నిమిషాల్లో ఉంటే కోబాట్, సెకన్లలో ఉంటే కంచె లోపలి రోబో లేదా ఎస్‌పీఎం. ఇంతకన్నా పనికొచ్చే సూత్రం నాకు తెలియదు.

ఈ లెక్కలో ఇంకో మెలిక ఉంది. పైన లేత్ దగ్గర చెప్పిన ఒకే గ్రిప్పర్ కోబాట్ షిఫ్ట్‌లో ఐదుసార్లు ఆగి, ప్రతిసారీ ఎవరో ఒకరు చూసి సరిచేయడానికి పది నిమిషాలు పట్టిందనుకోండి, 3,000 సెకన్లు పోయి 114 పీసులకి పడిపోతుంది. మనిషి కంటే తక్కువ! ఒక్క ప్రోగ్రామ్ లైన్ మారకుండానే లాభం నష్టమైపోయింది. మనిషి దగ్గర పార్ట్ వంకరగా ఉంటే సరిచేసుకుంటాడు, అది ఎక్కడా రికార్డ్ అవ్వదు. రోబో దగ్గర అదే తప్పు పది నిమిషాల స్టాపేజ్‌గా కనిపిస్తుంది.

మార్కెట్‌లో హడావిడి చూస్తే అంతా కోబాట్లే కొంటున్నట్టు అనిపిస్తుంది కానీ, అంతర్జాతీయ రోబోటిక్స్ సమాఖ్య లెక్కల్లో 2023లో ప్రపంచవ్యాప్తంగా బిగించిన దాదాపు 5.41 లక్షల ఇండస్ట్రియల్ రోబోల్లో కోబాట్లు పదో వంతు చిల్లర మాత్రమే.

మిగతా ఆకారాలు, రెండు ముక్కల్లో

పైనుంచి కిందికి దింపి పెట్టే చిన్న పనులకు, అంటే సర్క్యూట్ బోర్డు మీద భాగాలు కూర్చడం, స్క్రూలు బిగించడం లాంటి వాటికి స్కారా రోబో చూడండి. జపాన్‌లో యమనాషి యూనివర్సిటీలో హిరోషి మకినో బృందం 1978 ప్రాంతంలో దీన్ని తయారుచేసింది. అడ్డంగా కొంచెం సాగుతుంది, నిలువుగా గట్టిగా ఉంటుంది, అందుకే రంధ్రంలో పిన్ను దింపే పనికి అచ్చంగా సరిపోతుంది. ఆరు జాయింట్ల రోబో కంటే చౌక, వేగం ఎక్కువ. కన్వేయర్ మీద వెళ్తున్న తేలికైన వస్తువుల్ని టపటపా ఏరి పెట్టడానికి డెల్టా రోబో, పైన వేలాడుతూ సాలెపురుగు కాళ్లలా ఉంటుందే, అది. పొడవైన జాగాలో నేరుగా అటూ ఇటూ పోయే పనికి గ్యాంట్రీ. నాలుగు లేత్‌లు వరసగా ఉంటే వాటి పైన ఒక గ్యాంట్రీ నడవడం నాలుగు కోబాట్ల కంటే తెలివైన పని కావొచ్చు, కింద జాగా కూడా మిగులుతుంది.

సామాను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసే బండ్లలో రెండు రకాలు. ఏజీవీ నేల మీద వేసిన గీతో, టేపో పట్టుకుని పోతుంది, అడ్డం వస్తే నిలబడుతుంది. ఏఎంఆర్ లేజర్‌తో మ్యాప్ గీసుకుని, అడ్డం వస్తే పక్కనుంచి దారి చూసుకుంటుంది. దారులు మారని చోట ఏజీవీయే చాలు. లేఅవుట్ తరచుగా మారే చోట ఏఎంఆర్. రెండిటికీ శత్రువు ఒకటే: దారిలో ఎవరో వదిలేసి పోయిన ప్యాలెట్. ఆ అలవాటు పోకుండా ఏఎంఆర్ కొంటే ఎంత తెలివైన బండైనా రోజంతా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది.

కెమెరా పెడితే అన్నీ సర్దుకుంటాయా?

బిన్‌లో గుట్టగా పడేసిన పార్టుల్ని 3డీ కెమెరా చూసి ఒక్కొక్కటీ తీస్తుంది. డెమో చూస్తే కళ్లు చెదురుతాయి. ఆ డెమో మీ పార్టులతో చెయ్యమనండి. మెరిసే పార్టులు, నూనె పట్టినవి, ఒకదానికొకటి కొక్కేల్లా తగులుకునే స్ప్రింగులు వచ్చాయా, తడబాటు మొదలవుతుంది. బిన్ అడుగున గోడకి ఆనుకుని పడుకున్న ఆఖరి నాలుగు పార్టులు చాలాసార్లు అందవు.

నా వరుస ఇది: ముందు పార్ట్‌ని గుట్టలో పడెయ్యకుండానే ఉంచగలమా చూడండి. ముందటి మెషీన్ నుంచి వచ్చేటప్పుడు అది నిటారుగా, వరసగానే కదా వచ్చింది, దాన్ని బిన్‌లో పడేసి, మళ్లీ వరస పెట్టడానికి కెమెరా కొనడం ఏమిటి? ట్రేలో పెట్టండి. అది కుదరకపోతే కంపిస్తూ పార్టుల్ని వరసలో నడిపించే బౌల్ ఫీడర్. రకాలు ఎక్కువైతే, ప్లేటు మీద పార్టుల్ని ఎగరేసి పైనుంచి 2డీ కెమెరాతో చూసే ఫ్లెక్సిబుల్ ఫీడర్. ఇవన్నీ కాకపోతేనే బిన్ పికింగ్.

కెమెరాతో పాటు తెలుసుకోవాల్సింది ఇంకొకటి. కేటలాగ్‌లో ±0.03 మిల్లీమీటర్లు అని రాసేది రిపీటబిలిటీ, అంటే ఒకసారి నేర్పిన చోటికి మళ్లీ మళ్లీ ఎంత దగ్గరగా రాగలదో. కెమెరా లెక్కగట్టి ఇచ్చిన కొత్త చోటికి వెళ్లడం వేరే సంగతి, అక్కడ తేడా అర మిల్లీమీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే రావొచ్చు. బిగుతైన రంధ్రంలో పిన్ను పెట్టాలంటే ఆ తేడా మింగే ఏర్పాటు, స్ప్రింగో, ఫోర్స్ సెన్సరో, విడిగా ఉండాలి.

అసలు ఆ పనే అక్కర్లేదేమో

టెస్లా మోడల్ 3 మొదలుపెట్టినప్పుడు బ్యాటరీ ప్యాక్ మీద ఫైబర్‌గ్లాస్ మ్యాట్ పరచడానికి రోబో పెట్టారు. మెత్తటి మ్యాట్‌ని పట్టుకోవడం రోబో వల్ల కాలేదు, లైన్ ఆగుతూనే ఉంది. ఆ మ్యాట్ ఉన్నా లేకపోయినా చప్పుడులో తేడా లేదని చెక్ చేసి చూశాక తేలింది, మ్యాట్‌నే తీసేశారు. 2018 ఏప్రిల్‌లో ఎలాన్ మస్క్ కూడా అతిగా ఆటోమేషన్ చేయడం పొరపాటేనని, మనుషుల్ని తక్కువ అంచనా వేశామని ఒప్పుకున్నాడు. దీనికి అవతల ఫానుక్ ఉంది, జపాన్‌లో వాళ్ల ప్లాంట్‌లో 2001 నుంచి రోబోలే రోబోల్ని తయారుచేస్తున్నాయి, వారాల తరబడి మనిషి అక్కర్లేకుండా కూడా నడుస్తుంది. తేడా ఏమిటంటే వాళ్లు పార్ట్ డిజైన్ చేసేటప్పుడే అది రోబో చేతికి అందేలా చేసుకుంటారు. మెత్తటివి, వేలాడేవి, అంటే వైర్లు, రబ్బరు సీళ్లు, గుడ్డలు, ఫోములు ఇవాళ్టికీ మనిషి చేతికే ఇవ్వండి. మనిషి ఆకారంలో నడిచే హ్యూమనాయిడ్ల వీడియోలు చూసి ఆగిపోయేవాళ్లు కూడా ఉన్నారు, వాటికోసం ఈ ఏడాది ప్లాన్ వాయిదా వేయక్కర్లేదు.

సంతకం పెట్టే ముందు

కంపెనీ పేరు ప్రశ్న ఇప్పుడు అడగండి, కానీ ఇలా అడగండి: రోబో చెడిపోతే మీ దగ్గరికి ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, మోటార్లని నడిపే సర్వో డ్రైవ్ స్పేర్ ఎక్కడ ఉంది, మీ మెయింటెనెన్స్ టీమ్‌లో ఆ రోబోని నేర్పే పెండెంట్ (చేతి రిమోట్) ఇంతకుముందు ముట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా. షాపులో ఇప్పటికే ఒక కంపెనీ రోబో ఉంటే రెండోది కూడా అదే తీసుకోవడం మంచిది, కేటలాగ్‌లో ఇంకొకటి కాస్త మెరుగ్గా కనిపించినా సరే. చాలా రోబోల్లో జాయింట్ల పొజిషన్ గుర్తుంచుకోవడానికి చిన్న బ్యాటరీలు ఉంటాయి, అవి అయిపోతే రోబో తన సున్నా ఎక్కడుందో మర్చిపోతుంది, మాస్టరింగ్ మళ్లీ చెయ్యాలి, పాయింట్లు మళ్లీ చూసుకోవాలి. ఆ బ్యాటరీ మార్చే తేదీ ఎవరి క్యాలెండర్‌లో ఉంటుందో కొనేరోజే తేల్చుకోండి. ప్రోగ్రామ్ బ్యాకప్, సెల్‌ని నడిపే కంట్రోలర్ (పీఎల్‌సీ) సోర్స్ కోడ్, పాస్‌వర్డ్‌లు మీ చేతికి రావాలని ఆర్డర్‌లోనే రాయించండి. ఇంటిగ్రేటర్ ఎంత మంచివాడైనా ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి.

చివరి పేమెంట్ ఆపి ఉంచి, ట్రయల్ మీ చేతుల్లో పెట్టుకోండి. వాళ్లు ఏరి తెచ్చిన నున్నటి పార్టులతో కాదు, మీ స్టోర్‌లో ఉన్న అన్ని రకాలతో: టాలరెన్స్‌కి పై అంచున ఉన్నవి, కింది అంచున ఉన్నవి, అంచున బర్ (గరుకు మెటల్) ఉన్నవి, కొద్దిగా తుప్పు పట్టినవి, రెండో సప్లయర్ నుంచి వచ్చినవి. పూర్తి షిఫ్ట్ నడపండి, ఇంటిగ్రేటర్ ఇంజనీర్ని పక్క గదిలో కూర్చోబెట్టండి, సెల్‌ని నైట్ షిఫ్ట్ ఆపరేటర్ చేతికి ఇవ్వండి. ఆగిన ప్రతిసారీ టైము, కారణం అతనే రాయాలి. మధ్యలో ఒకసారి కరెంటు తీసేసి, మళ్లీ ఇచ్చి, చక్‌లో సగం పనైన పార్ట్ ఉండగా సెల్‌ని ఎవరినీ పిలవకుండా మళ్లీ నడపగలిగాడో లేదో చూడండి. నడపలేకపోతే ఆ రికవరీ స్క్రీన్ మళ్లీ రాయించి, అదే ఆపరేటర్‌తో ఇంకో షిఫ్ట్ నడిపించాకే డబ్బు వదలండి.